పెరటి వైపు తిరిగిన కెమెరా

ఆ రోజు జనవరి ఆరో తేదీ, సోమవారం. మధ్యాహ్నం పితికిపప్పు కూర, రాగిముద్ద. చిదంబరం ఆ తేదీని మరిచిపోకపోవడానికి కారణం వేరే ఉంది గానీ, తలుచుకున్నప్పుడల్లా ముందు నాలుక మీదికి వచ్చేది మాత్రం ఆ కూరే. చింతామణి మార్కెట్లో మంచు తడి ఆరని అనపకాయలు, చిక్కుడు జాతివి, రెండు కిలోలు తెచ్చి, ఒలిచి, గింజల్ని రాత్రంతా నానబెట్టాడు. పొద్దున నడవలో కూర్చుని ఒక్కొక్క గింజనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కాడు. తోలు వేళ్ళ మధ్యే ఉండిపోతుంది, పప్పు చటుక్కున జారి పళ్ళెంలో పడుతుంది. భార్య పోయిన నాలుగేళ్ళలో ఆయన నేర్చుకున్న పనుల్లో అదొకటి. మనసులో ఏమీ పెట్టుకోకుండా గంట గడిచిపోయే పని.

చెల్లెలు పంకజ ఉల్లిపాయ లేకుండానే ఆ కూరకు అంత రుచి ఎలా తెస్తుందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. రెండో ముద్ద కూడా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటుండగా ఫోను మోగింది.

"మేష్ట్రూ, తీరిక చేసుకుని మండీ దాకా ఒకసారి వచ్చిపోతారా?"

పిలిచింది పక్కింటి హనుమంతరాయ. చింతపండు మండీ ఆయనది. వీధి చివర ఉన్న నారాయణస్వామి గుడి సమితికి అధ్యక్షుడు కూడా ఆయనే. ముప్పై ఏళ్ళుగా రెండిళ్ళ పెరళ్ళకూ మధ్య ఉన్నది ఒకే గోడ.

మండీలో నలుగురు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుని, చెక్క సుత్తులతో చింతపండు కొట్టి గింజ తీస్తున్నారు. నేలంతా జిగురు. చెప్పులు అడుగడుగునా అంటుకుని చప్పుడు చేస్తున్నాయి. హనుమంతరాయ తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చి, తాను మూట మీద కూర్చున్నాడు.

"కాఫీ తెప్పిస్తా స్వామీ."

"ఇప్పుడే భోంచేసినా. ఏమి సమాచారం?"

"పంకజమ్మకు ఒళ్ళు బాగుండాదా?"

"కొంచెం దగ్గు. చలి కదప్పా."

"చలే. ఈ సారి ఎక్కువే." హనుమంతరాయ గొంతు తగ్గించాడు. "ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. హుగ్గి మడిగానే వస్తాండాదా?"

చిదంబరానికి వెంటనే అర్థం కాలేదు. ధనుర్మాసం నెలరోజులూ తెల్లవారకముందే స్వామికి నైవేద్యం పెట్టే హుగ్గి, అంటే బియ్యమూ పెసరపప్పూ మిరియాలతో వండే పొంగలి, వాళ్ళ ఇంటి బాధ్యత. గుడి వంటశాల పైకప్పు కూలినప్పటి నుంచి రెండేళ్ళుగా ఇంట్లోనే వండి పంపుతున్నారు. ఆ నైవేద్యానికి మాత్రం తలస్నానం చేసిన తడిచీరతోనే పొయ్యి ముట్టాలని వాళ్ళ నాయనమ్మ నాటి ఏర్పాటు. పంకజ నలభై ఏళ్ళుగా అలాగే వండుతోంది. దానికి జీతమూ లేదు, సత్కారమూ లేదు. పెళ్ళి చేసుకోని ఆమె తనదని చెప్పుకునేది ఆ ముప్పై రోజుల్నే.

"ఎవురన్నా ఏమన్నా చెప్పినారా?"

"ఒకరు చెప్పేదేముండాది? చూడండి." హనుమంతరాయ ఫోను తీసి ముందుకు చాచాడు.

నలుపూ తెలుపూ బొమ్మ. మూల మీద నాలుగూ పన్నెండు అని టైము. తన ఇంటి పెరడే అని గుర్తుపట్టడానికి చిదంబరానికి కొంచెం సేపు పట్టింది. పైనుంచి ఎప్పుడూ చూసింది లేదు. బట్టలుతికే బండ, కరివేపాకు చెట్టు, స్నానాలగది రేకు తలుపు. వంటింటి తలుపు తీసుకుని పంకజ బయటికి వచ్చింది. పొడి చీర, దాని మీద స్వెట్టరు, తలకు మఫ్లరు. రెండడుగులు వేసి నిలబడిపోయింది. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చెయ్యి పక్కటెముకల మీద అదుముకుని, నోరు తెరిచి దగ్గింది. బొమ్మలో చప్పుడు లేదు. దగ్గు ఆగాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, దొడ్డిగేటు వైపు వెళ్ళి బొమ్మలోంచి తప్పుకుంది. అక్కడితో అయిపోయింది.

"చూసినారా? స్వెట్టరు! ఇరవై సెకండ్ల తునకలు వస్తాయి ఫోనుకు. మూడు దినాల నుంచి పొద్దున మొదటిది తెరిస్తే ఇదే."

చిదంబరం స్వెట్టరు చూడలేదు. తనకు వినపడకూడదని ఆమె బయటికి వచ్చి దగ్గుతోందన్న సంగతి చూశాడు. తోడబుట్టిన తనకు దాచినదాన్ని మండీలో మూట మీద కూర్చుని ఇంకొకరు మూడు రోజులుగా చూస్తున్నారు.

"ఇది మా పెరడు కదప్పా."

"మీ పెరడే. కెమెరా నాది. దీపావళికి షెడ్డులో రెండు మూటలు పోలేదా? షెడ్డు కోసరం పెట్టించినా. కొంచెం మీ గోడ దాటి పడతాది. దానికేమి?"

"ఆడపిల్ల స్నానాల వాకిలి కనిపిస్తాండాది."

"వాకిలే కదా, లోపల కాదు కదా. అయినా కెమెరా ఏమన్నా మగోడా స్వామీ!" హనుమంతరాయ నవ్వాడు. సుత్తి పట్టుకున్న ఒకామె సంగతేమిటో తెలియకుండానే తానూ నవ్వింది.

"కొంచెం ఇటు తిప్పించండి రాయప్పా. అంతే నేను అడిగేది."

"తిప్పుదాం, తిప్పుదాం. ముందు ఇది తేలనీండి. శుక్రవారం వైకుంఠ ఏకాదశి, ఊరంతా గుడికే వస్తాది. మిట్టేమరిలో మీ మాదిరే ఒక స్వాములోరి ఇంటోళ్ళు ఉండారు, వంటకు వస్తామన్నారు. గురువారం సాయంత్రం మాధవను మా ఇంటికి పిలుస్తాండా. అర్చకుడు కదా, ఆయన కూడా ఇది చూడాల. మీరూ రాండి. ముగ్గురం కూర్చుని ఒక మాట అనుకుందాం."

"మాధవకు చూపిస్తారా?"

"చూపించకుండా ఎట్ల? రేపు నేనేదో కల్పించి చెప్పినానంటారు."

ఇంటికి వచ్చేసరికి పంకజ పెరట్లో బండ మీద హుగ్గి తపేలా పెట్టుకుని చింతపండుతో తోముతోంది. చిదంబరం ఎదురుగా నిలబడి, పక్క మేడ చివర ఉన్న కెమెరాను మొదటిసారి సరిగ్గా చూశాడు. తెల్లగా, గుండ్రంగా, పిడికిలంత ఉంది. చెప్పవలసినదంతా చెప్పాడు.

ఆమె చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. "ఎంత చూసినాడంట?"

"పెరడంతా."

"అది కాదన్నా. ఎంతసేపు? నన్ను ఒక్కదాన్నేనా?"

"ఇంకెవురుంటారమ్మా ఆ పొద్దున?"

"ఎవురూ లేరు," అంది పంకజ. మళ్ళీ తోమసాగింది. మెరిసిపోతున్న చోటే మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది.

"డాక్టరు వద్దన్నాడు కదా తడిబట్ట. దాచేదానికేముండాది? నాతో అనింటే నేనే సమితిలో చెప్తాంటి."

"తడిబట్ట లేకుండా నేను పొయ్యి ముట్టలేదన్నా. ఈ తపేలా మీద ఒట్టు."

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ బొమ్మనూ ఆయన కళ్ళారా చూశాడు. అరవై ఏళ్ళలో మొదటిసారి చెల్లెలి మాట నమ్మాలో వద్దో తెలియక, లోపలికి వెళ్ళి ఊరికే పేపరు తెరిచి పట్టుకున్నాడు.

*

మంగళవారం పొద్దున పెరడు పెరడులా లేదు. బట్టలారేసే తీగ మీద పంకజ పాత దుప్పట్లు నాలుగు బారుగా కట్టి, అంచులకు క్లిప్పులు పెట్టి, కింద గాలికి లేవకుండా రాళ్ళు వేలాడదీసింది. వంటింటి తలుపు నుంచి స్నానాలగది వరకూ గుడ్డ సందు తయారైంది. ఆ సందులోంచే ఆమె తడిచీరతో వెళ్ళి హుగ్గి వండింది. రోజూ ఐదింటికి లేచి, లోపలి గదిలో స్నానం చేసి, నడవలో సిద్ధంగా పెట్టిన తపేలా ఎత్తుకుని గుడికి వెళ్ళడం మాత్రమే చిదంబరం పని. ఆ వేళ వంటింటి ఛాయలకు వెళ్ళడు. ఆ రోజు తపేలా నడవలో ఉంది గానీ, వంటింట్లోంచి వినిపిస్తున్న దగ్గుకు ఆయన దాన్ని వెంటనే ఎత్తలేకపోయాడు. ఊపిరి పైకి రావడానికి దారి వెతుక్కుంటున్నట్టు ఉంది ఆ దగ్గు.

పదింటికి, సర్కారు భాష కదా అని, కన్నడంలో శుభ్రంగా ఒక అర్జీ రాసుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. హెడ్ కానిస్టేబులు మునికృష్ణప్ప ఆయన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. డిగ్రీలో ఆయన దగ్గరే వృక్షశాస్త్రం చదివి, పాసవడానికి మూడుసార్లు పరీక్ష రాసినవాడు.

"సార్, మీరెందుకు వచ్చినారు? ఫోను చేసింటే నేనే వస్తాంటి."

అర్జీ చదివి, పెన్ను తీసి, మళ్ళీ మూత పెట్టాడు. "తప్పే సార్. ఆయప్ప జాగా ఆయప్ప చూసుకోవచ్చు. మీ ఇంటి ఆడోళ్ళు స్నానానికి పోయేది చూసే హక్కు ఎవురికీ లేదు. కేసు తీసుకుంటా. కానీ ఒక మాట..."

"చెప్పప్పా."

"ఆ బొమ్మ సాక్ష్యం అవుతాది. నేను తెప్పించుకుని చూడాల. ఎస్సై సార్ చూస్తారు. రాసేవాడు చూస్తాడు. తర్వాత కోర్టు. ఇప్పుడు ఒకడు చూసినాడు. కేసంటే ఇంకా నలుగురైదుగురు చూస్తారు. అమ్మగారిని అడిగి చెప్పండి. ఆమె సరే అంటే ఈ నిమిషమే రాస్తా."

చిదంబరం అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మునికృష్ణప్ప గేటు దాకా తోడు వచ్చాడు. "నేను ఆయప్పకు నోటిమాటగా చెప్పేదా సార్?"

"వద్దులే. పోలీసును పంపినారని పంతానికి పోతాడు. గురువారం గడవనీ."

"కేసు వద్దనుకున్నా రాండి సార్. టీ తాగిపోదురు."

నవ్వు తెప్పించే మాట కాదది. అయినా చిదంబరం దారి పొడవునా ఆ పిల్లవాడి పాత పరీక్ష పేపర్లు గుర్తు తెచ్చుకుని, కొంచెం తేలికపడ్డాడు.

*

బుధవారం ఆయనకు మెలకువ వచ్చింది దగ్గుకు కాదు, దగ్గు లేకపోవడానికి. టైము నాలుగున్నర. చెప్పులు కూడా వేసుకోకుండా వంటింటి వైపు నడిచాడు.

దీపం వెలుగుతోంది. నేతిలో మిరియాలు చిటపటలాడుతున్న వాసన. గడప పక్కన ముక్కాలిపీట మీద పంకజ స్వెట్టరుతో కూర్చుని ఉంది. పొయ్యి దగ్గర ఇంకెవరో ఆడమనిషి వీపు కనిపిస్తోంది. తడిచీర ఒంటికి అంటుకుని, కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. రెండు చేతులతో పొడుగాటి ఇత్తడి గరిటె పట్టి తపేలా అడుగు నుంచి తిప్పుతోంది.

ఆయన గడప మీద కాలు పెట్టబోయాడు. ఆమె వెనక్కి తిరగకుండానే అరచెయ్యి ఎత్తి ఆపింది. వంట జరుగుతున్నప్పుడు మాట్లాడకూడదు. స్నానం చేయనివాడు లోపలికి రాకూడదు. తన ఇంటి వంటింటి గడప బయట చిదంబరం బడిపిల్లవాడిలా నిలబడ్డాడు. ఆమె మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసి, అప్పుడు తిరిగింది.

హనుమంతరాయ భార్య సులోచనమ్మ.

ఇన్నేళ్ళ చదువూ, ఉద్యోగమూ తనను కులం పట్టింపులకు దూరం చేశాయని నమ్మిన మనిషి చిదంబరం. అయినా మొదట ఆయనకు వచ్చింది భయమే. బ్రాహ్మల ఇంటి నుంచి వెళ్ళే నైవేద్యం కోమట్ల ఇంటి ఆడమనిషి వండుతోంది. ఎవరికైనా తెలిస్తే? ఆ మాట మనసులో అనుకున్నందుకు ఆ వెనువెంటనే సిగ్గు వేసింది. సిగ్గు వచ్చినా భయం పోలేదు.

"తప్పుగా అనుకోవద్దన్నా," అంది సులోచనమ్మ. "పడక మింద నుంచి లేచి అట్లే వస్తిరి. అందుకే ఆపితిని."

"ధనుర్మాసం నాలుగో దినం నుంచి ఈమే," అంది పంకజ, మెల్లగా. "ఆ పొద్దున నాకు ఊపిరి ఆడలే. గోడకవతల విని పరిగెత్తుకుని వచ్చింది. తడిబట్ట ఆమెది, కొలత నాది. నేను పొయ్యి ముట్టలేదని చెప్తిని కదన్నా. అబద్ధం కాదు."

"మరి ఆ బొమ్మలో నువ్వు..."

"దొడ్డిగేటు గొళ్ళెం తీసేదానికి పోతాండా. అంతవరకే చూసినాడు. ఆ తర్వాత వచ్చేది ఈమె. మన స్నానాల గదిలోనే నీళ్ళు పోసుకుని, తడిబట్టతో పెరడు దాటి వస్తాది." పంకజ పొయ్యి వైపు చూసింది. "నిన్న రావద్దని చెప్పి పంపితిని."

"నువ్వు అట్ల దగ్గుతాంటే నేనెట్ల పడుకునేది?" అని సులోచనమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏ బొమ్మ? మీరు మాట్లాడేది నాకు తెలీలే."

చెప్పక తప్పలేదు. చిదంబరం కళ్ళు నేల మీద పెట్టుకుని చెప్పాడు.

ఆమె కొంగు లాగి భుజాల చుట్టూ కప్పుకుంది. తడి గుడ్డ మీద తడి గుడ్డ. "షెడ్డు మాత్రమే కనిపిస్తాది అన్నాడే," అంది. "నేను గుడికి ప్రదక్షిణాలకు పోతాండానని అనుకుంటాడు. ఆరింటికి గానీ లేవడు. మూడు వారాలమ్మా. మూడు వారాలు నేను ఆ పెరట్లో..." అని ఆగిపోయింది.

"రేపు నేను ముందే ఒప్పుకుంటా," అన్నాడు చిదంబరం. "పంకజ మడి తప్పింది, వంట వేరేవాళ్ళకు ఇచ్చేయండి అంటా. అప్పుడు ఇంక ఎవురూ ఏదీ తెరిచి చూడరు."

పంకజ తల ఊపింది. నలభై ఏళ్ళను ఒక్క తల ఊపుతో వదిలేసింది. ఆమె ముఖం వైపు చూడలేక చిదంబరం స్నానానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి నడవలో తపేలా ఉంది, మూత చుట్టూ తడిగుడ్డ కట్టి ఉంది. దొడ్డిగేటు మూసిన చప్పుడు కూడా వినపడకుండా సులోచనమ్మ వెళ్ళిపోయింది.

*

గురువారం సాయంత్రం ఆరింటికి హనుమంతరాయ ఇంటి హాల్లో పెద్ద టీవీ ముందు మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. మాధవ అప్పటికే వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. ముప్పై రెండేళ్ళ మనిషి. సాయంత్రం పూజకు టైమవుతోందని స్కూటరు తాళంచెవి చేతిలోనే తిప్పుతున్నాడు.

"చూపించే పని లేదు రాయప్పా," అన్నాడు చిదంబరం, కూర్చోకుండానే. "మా పంకజ మడి తప్పింది. నేనే చెప్తాండా. మిట్టేమరి వాళ్ళను పిలిపించండి."

హనుమంతరాయ ముఖంలో గెలిచిన సంతోషం కనపడలేదు. ఆడకుండానే ఆట ముగిసినట్టు చూశాడు. "ఒప్పుకుంటిరి కాబట్టి మంచిదే స్వామీ. మీ పెద్దరికం అది. అయినా మాధవ ఒకసారి చూడనీ. రికార్డు బాక్సులో మొత్తం ఉండాది, టీవీలో ఐతే చక్కగా కనిపిస్తాది."

"నాకొద్దప్పా," అన్నాడు మాధవ. "మేష్ట్రు ఒప్పుకున్నారు కదా."

"ఒక్క నిమిషం."

సులోచనమ్మ కాఫీ తెచ్చింది. ముగ్గురికీ ఇచ్చి, ఖాళీ పళ్ళెం చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. టీవీ మీద పెరడు వచ్చింది. పంకజ వచ్చింది, గోడ పట్టుకుని దగ్గింది, గేటు వైపు వెళ్ళిపోయింది. చిదంబరం కాఫీ వైపు చూశాడు. ఇది రెండోసారి. మూడోవాడు చూస్తున్నాడు.

"అయిపాయె," అని హనుమంతరాయ రిమోటు ఎత్తాడు.

"ఉండనీండి," అంది సులోచనమ్మ. "అంతటితో ఆపితే ఎట్ల? హుగ్గి వండేదానికి ముందు ఆమె ఏమి చేసిందో చూడాల గదా."

"ఇంక ఏముండాది? వంటిల్లు కనపడదు."

"కనపడినంత చూద్దాం."

చిదంబరం తల ఎత్తి ఆమెను చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

బొమ్మ నడిచింది. కొంచెంసేపు ఖాళీ పెరడు. తర్వాత గేటు వైపు నుంచి పంకజ, ఆమె వెనక చెంబు పట్టుకుని ఇంకొకామె. ఆమె రేకు తలుపు తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళింది. "ఇదెవురప్పా," అని హనుమంతరాయ ముందుకు వంగాడు. నాలుగూ ఇరవై ఒకటికి తలుపు తెరుచుకుంది. తడిచీర ఒంటికి అంటుకుని, విరబోసిన జుట్టు నుంచి నీళ్ళు కారుతూ, చలికి భుజాల మీద నుంచి ఆవిరి లేస్తూ ఆమె బయటికి వచ్చింది. బండ పక్కన పాచి ఉంటుంది కాబట్టి కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఎడమకాలు కొంచెం బయటికి తిప్పి అడుగు వేసింది.

మెట్ల మీద పడినప్పటి నుంచి అలా అడుగు వేసే మనిషి ఆ వీధిలో ఒక్కరే.

రిమోటు నేల మీద పడింది. హనుమంతరాయ దాన్ని వెతకలేదు. లేచి వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. పెద్ద టీవీ అది. ఆయన ఎంత వెడల్పుగా నిలబడినా, అటు చెయ్యి పక్క నుంచీ ఇటు చెయ్యి పక్క నుంచీ పెరడు కనిపిస్తూనే ఉంది. పంచె కొంగు విప్పి చాపాడు.

"మాధవా, నువ్వు చూడలేదు కదప్పా?"

"నేను కాఫీలో మీగడ తీస్తాండా," అన్నాడు మాధవ. నిజంగానే చిటికెన వేలు కాఫీలో ఉంది, తల అందులోనే ఉంది.

"స్వామీ, మీరు?"

చిదంబరం కళ్ళు మూసుకునే ఉన్నాడు. "లేదప్పా," అన్నాడు.

సులోచనమ్మ వంగి నేల మీది రిమోటు తీసింది గానీ నొక్కలేదు. "కెమెరా మగోడు కాదు అన్నారంట మండీలో. మరి ఇప్పుడు ఎందుకు అడ్డం నిలబడినారు?"

హనుమంతరాయ చాపిన పంచె కొంగు దించలేదు.

"నాలుగు దినాల నుంచి ఆయమ్మను చూపిస్తాండారు. ఆయమ్మకు అడ్డం ఎవురూ నిలబడలేదు." అప్పుడు నొక్కింది. టీవీ నల్లబడింది.

హనుమంతరాయ కొంగు దించి, "నైవేద్యం నువ్వెట్ల... మన చేతి వంట స్వామికి..." అన్నాడు. గొంతులో కోపం ఉందో, బతిమాలడం ఉందో ఆయనకే తెలిసినట్టు లేదు.

"హుగ్గికి మనం ఇచ్చే మన చేతి బియ్యం పనికొస్తాది. మన చేతి పప్పు, నెయ్యి పనికొస్తాయి. తిప్పే చెయ్యి ఒక్కటే పనికిరాదా?"

ఆయన మాధవ వైపు చూశాడు. మాధవ గ్లాసు కింద పెట్టి, వేలు తుడుచుకుని లేచాడు. "మూడు వారాల నుంచి ఆ హుగ్గే నేను స్వామి ముందర పెడతాండా. వేడిగా వస్తాండాది, టైముకు వస్తాండాది. అడుగంటింది కూడా లేదు. స్వామి మీతో ఏమన్నా చెప్పింటే అధ్యక్షులు మీరు చెప్పండి. నాతో అయితే ఏమీ అనలేదు." తాళంచెవి తీసుకుని, గుమ్మం దగ్గర సులోచనమ్మకు తల వంచి, వెళ్ళిపోయాడు.

హనుమంతరాయ ఫోను తీశాడు. "మంజునాథా, కెమెరా తిప్పాలప్పా. రేపు కాదు. ఇప్పుడే రా."

కెమెరాలు అమర్చే మంజునాథ పావుగంటలో నిచ్చెనతో వచ్చాడు. మేడ మీదికి ఎక్కి, మర వదులు చేసి, కెమెరాను షెడ్డు తలుపుకు ఎదురుగా తిప్పి బిగించాడు. ఫోనులో రేకూ, తాళమూ తప్ప ఏమీ కనపడలేదని హనుమంతరాయ రెండుసార్లు చూసుకున్నాడు. పాత బొమ్మలన్నీ చెరిపెయ్యాలన్నాడు. మంజునాథ టీవీ ముందు కూర్చోబోయి, ఇంట్లో అందరి ముఖాలూ చూసి, ఏదో గ్రహించినట్టు ఆగాడు.

"అమ్మా, మీరే కూర్చోండి. నేను చెప్తా, మీరు నొక్కండి," అని వెనక్కి తిరిగి, ముఖం గోడకు పెట్టి నిలబడ్డాడు. "ఎడమ వైపు మూడో గుర్తు. నొక్కినారా? ఇప్పుడు తేదీలు వస్తాయి. అన్నీ ఎంచుకోండి. కింద ఎర్రది. అవునా కాదా అని అడుగుతాది. అవును అనండి."

సులోచనమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క గుర్తూ వేలితో చూసుకుని నొక్కింది. హనుమంతరాయ ఆమె పక్కన నిలబడ్డాడు గానీ టీవీ వైపు చూడలేదు. గోడకు ముఖం పెట్టుకుని ఉన్న మంజునాథ వీపునే చూస్తూ నిలబడ్డాడు. చిదంబరం తన కాఫీ అప్పుడు తాగాడు. చల్లారిపోయి ఉంది. అయినా బాగుంది.

*

ఇంట్లో పంకజ అడిగింది ఒకటే. "ఆయమ్మను ఏమన్నా అన్నాడా?"

"అనలేదు. అనేదానికి ఆయప్ప దగ్గర ఏమీ మిగల్లేదు."

జరిగిందంతా ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని విన్నది. తనకు అడ్డం ఎవరూ నిలబడలేదని సులోచనమ్మ అన్న మాట దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు కాదు. తర్వాత బియ్యం, పెసరపప్పు కొలిచి, రెండు గిన్నెల్లో పోసి మూతలు పెట్టింది. రేపు ఎవరు వండుతారో తెలియకపోయినా కొలిచి పెట్టింది. వేడినీళ్ళు తాగి పడుకుంది.

ఎనిమిదిన్నరకు వీధి తలుపు మీద ఎవరో వేలితో తట్టారు. మెట్టు మీద హనుమంతరాయ, తలకు తువ్వాలు చుట్టుకుని, లోపలికి రాకుండా నిలబడి ఉన్నాడు.

"పంకజమ్మ పడుకుందా?"

"ఇప్పుడే."

"సరేసరే. లేపవద్దు." తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "రేపు ఏకాదశి కదా. మూడున్నరకే మొదలు పెట్టాలంటాది మా ఆమె. పెరళ్ళ వెనక సందులో దీపం లేదు, గాజుపెంకులు ఉండాయి. ఇంక ఆ గేటు నుంచి వద్దు. మీ వీధి వాకిట్లో నుంచే వస్తాది. నేను ఇక్కడిదాకా తోడొస్తా."

"రానీండి."

ఆయన వెళ్ళలేదు. "అన్నీ తుడిపించేసినా స్వామీ. పంకజమ్మతో అది... నేను అట్ల చూసింది..."

మాట ముందుకు సాగలేదు. చిదంబరం దాన్ని అందుకుని పూర్తి చేయవచ్చు. ఇన్నేళ్ళ పొరుగు, ఒక్క మాటతో తేల్చేయవచ్చు. కానీ అది ఆయన తేల్చేది కాదు.

"పొద్దున వస్తారు కదప్పా," అన్నాడు మెత్తగా. "ఆమెతో మీరే చెప్పండి."

హనుమంతరాయ తువ్వాలు సర్దుకుని, "అట్లే," అన్నాడు. మెట్టు దిగి, తన ఇంటి వైపు నడిచాడు. పక్కింటి గుమ్మంలో దీపం వెలిగే ఉంది. ఆయన లోపలికి వెళ్ళాక కూడా వెంటనే ఆరలేదు.

చిదంబరం లోపలికి తిరిగి చెవి పెట్టి విన్నాడు. గదిలోంచి పంకజ ఊపిరి వినిపిస్తోంది, ఒకే తీరుగా, ఎక్కడా తట్టుకోకుండా. వీధి తలుపు గొళ్ళెం పాతది, వేస్తే ఇల్లంతా మోగుతుంది. ఆయన తలుపు దగ్గరికి వేసి, గొళ్ళేన్ని రెండు చేతులతో పట్టి, చప్పుడు కాకుండా మెల్లగా జరిపాడు.